ఆరో లైను

ఆమెకు ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను దగ్గర లేనప్పుడు పిల్ల అమ్మా అమ్మా అని పిలిచి, ఎవరూ పలక్కపోయేసరికి, పిలవడమే మానేస్తుందేమోనని. జ్వరానికి మందుంది. కిందపడితే బొప్పి కడుతుంది, రెండు రోజులకి తగ్గుతుంది. పిలవడం మానేసిన పిల్లకి ఏ మందు వేస్తారు?

అందుకే రోజూ పొద్దున ఏడున్నరకి, కింది వాటాలో బట్టలు కుట్టే పిన్ని ఒళ్లో పిల్లని కూర్చోబెట్టి బస్సుకి పరిగెత్తేటప్పుడు, కాళ్లు ముందుకి పోతున్నా చెవులు వెనకే ఉండిపోయేవి. ఏడుపు వినపడితే ప్రాణం ఉసూరుమనేది. వినపడకపోతే ఇంకా భయం వేసేది.

"ఏడిస్తే ఏడ్చిందంటావు, ఏడవకపోతే ఎందుకేడవలేదంటావు. నీతో వేగలేనే తల్లీ," అనేది పిన్ని, పళ్లతో దారం తెంపుతూ. "నేను ముగ్గుర్ని పెంచాను. ముగ్గురికీ రెండేసి చెవులూ ఒక్కో ముక్కూ సరిగ్గానే ఉన్నాయి. పో, బస్సు పోతుంది."

ఇంటాయన లారీ మీద వెళ్తే పదేసి రోజులు రాడు. వచ్చిన రోజు నిద్రే సరిపోతుంది.

ఆమె పని కూడా వినడమే. టీవీలో పొద్దున పదింటికి 'ఏది తప్పు?' అని ఒక చర్చ వస్తుంది. బల్లకి ఇటు పక్క ఒక మతం పెద్దాయన, అటు పక్క ఇంకో మతం పెద్దాయన, మధ్యలో ఏ మతమూ వద్దనే లాయరు. మనిషి చేసే పనుల్లో ఏది పాపం, ఏది కాదు అన్నది ముగ్గురూ గంటసేపు తేలుస్తారు. తేలదు. మర్నాడు మళ్లీ మొదలు. కెమెరా ముందు ఒకరి గొంతు మీద ఒకరు కూర్చున్నంత పని చేసి, ప్రకటనలు రాగానే ఒకే పళ్లెంలో బిస్కెట్లు పంచుకుని, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. మొదట్లో ఆమెకి అది వింతగా ఉండేది. ఇప్పుడు ఎవరికి ఏ మోకాలో కూడా తెలుసు.

స్టూడియో పక్కనే అద్దం వెనక ఆమె గది. గది అంటే గది కాదు, బీరువాకి కాస్త పెద్దది. ఆరు మీటలూ మీటకొక చిన్న గాజు దీపమూ ఉన్న ఫోను, చెవులకి హెడ్‌ఫోన్లు, బల్ల మీద రెండు కట్టల చీటీలు. చూసేవాళ్లు ఫోన్ చేస్తే ఎత్తి మూడు మాటలు అడగాలి. మొదటిది, టీవీ సౌండు తగ్గించారా? ఇంట్లో టీవీ మోగుతుంటే స్టూడియోలో మాటలే నాలుగు క్షణాలు ఆలస్యంగా ఫోనులోంచి తిరిగొచ్చి గోల గోల అవుతుంది. రెండోది, మీరు అనుకూలమా, వ్యతిరేకమా? మూడోది, ఏం చెప్తారు? అనుకూలమైతే పచ్చ చీటీ మీద, వ్యతిరేకమైతే ఎర్ర చీటీ మీద ఒక్క ముక్కలో రాసి అద్దం కింది సందులోంచి తోస్తే, ప్రొడ్యూసరు ఏరుకుంటాడు. ఎనిమిదో తరగతితో ఆగిన చదువు ఆమెది. అయినా ఆ ఒక్క ముక్క రాయడంలో ఆమె చెయ్యి తిరిగింది. అరిచేవాళ్లెవరో, నసిగేవాళ్లెవరో గొంతు విని చెప్పేయగలదు.

ఇవతలా అవతలా చేరనివాళ్లకి చీటీ రంగు లేదు. "అడుగుదామని చేశానండీ" అనేవాళ్లని ఆరో లైనులో ఉంచమని ప్రొడ్యూసరు మొదటి రోజే చెప్పాడు. ఐదు లైన్లూ తెగిపోతే పనికొస్తారని. ఐదూ ఎప్పుడూ తెగవు.

రెండు వారాలుగా ఆ ఆరో లైనులో ఉంటున్నది గడియారాలాయన. ఆయన ఇంట్లో గడియారాలు బాగుచేస్తాడు. మాట్లాడుతుంటే వెనక పదీ పదిహేను టిక్కుటిక్కుమంటూ ఉంటాయి. పదిన్నర కొట్టేటప్పుడు ఏ రెండూ కలిసి కొట్టవు. ఒకదాని వెనక ఒకటి, బడి వదిలాక మెట్లు దిగే పిల్లల్లా.

"ఇన్ని బాగుచేస్తారు, ఒక్కటీ టైముకి కొట్టదేం బాబాయ్?" అంది ఒకసారి.

"బాగైనవాటిని పట్టుకుపోతారు కదమ్మా. నా దగ్గర ఉండేవన్నీ బాగవ్వాల్సినవే," అన్నాడాయన. తను కూడా లెక్కలోకి వచ్చినట్టు నవ్వాడు.

రూలు ప్రకారం ఆగినవాళ్లకి సంగీతం వినిపించాలి. ఆ సంగీతం రేకు మీద గులకరాళ్లు దొర్లించినట్టుంటుంది. అందుకని ఆమె ఆరో లైను తెరిచే ఉంచి, కుడి చెవితో పని చూసుకుంటూ, ఎడమ చెవి ఆయనకి ఇచ్చేది. రోజుకి నలభై మంది ఆమెతో మాట్లాడతారు. నలభై మందీ ఇంకెవరితోనో మాట్లాడ్డానికి చేసినవాళ్లే. "పిల్ల పాలు తాగిందా తల్లీ?" అని అడిగేది ఆయనొక్కడే.

సోమవారం ఆయన తన ప్రశ్న ఏమిటో చెప్పాడు. అప్పటిదాకా ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

"మా ఆవిడకి మతిమరుపమ్మా. వాళ్లక్కంటే ప్రాణం. ఆ వదినగారు పోయి నాలుగేళ్లు దాటింది. ఈవిడకది నిలవదు. అక్క ఇంకా రాలేదేమండీ అని అడుగుతుంది. మొదట్లో నిజమే చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ అప్పుడే కబురొచ్చినట్టు నేలమీద పడి ఏడ్చేది. ఒకసారైతే మూడు రోజులు మంచినీళ్లు ముట్టలేదు. ఆసుపత్రిలో పెట్టాం. డాక్టరు నన్నే తిట్టాడు. అప్పట్నుంచీ, సాయంత్రం వస్తుందిలే అంటున్నాను. రోజుకి పదిసార్లు. ఆ కాస్తకే మొహం చేటంతయిపోతుంది. నువ్వు చూడాలి."

ఆమె ఎర్ర చీటీ ఒకటి రాసి తోసి, మళ్లీ ఎడమ చెవిలోకి వచ్చింది.

"మరి ఇంకేంటి బాబాయ్?"

"ఇంకేంటంటే... నాలుగేళ్లవి పోగయ్యాయి కదా. బల్ల దగ్గర ముగ్గురు పెద్దమనుషులున్నారు. ఒక్కరైనా, పర్వాలేదయ్యా, అంటారేమోనని. ఆ ఒక్క ముక్క కోసం."

"ఆవిడ వింటే?"

"ఆవిడ లోపలి గదిలో టీవీ చూస్తుంటుంది. నేను ఫోను దగ్గర, ముందు గదిలో. నువ్వు ఇస్తున్నానని చెప్పగానే వెళ్లి కట్టేసొస్తాను. కంగారులో నాకు గుర్తుండదు, నువ్వు మాత్రం చెప్పు."

"చెప్పకపోతే నా జీతం ఎందుకు బాబాయ్," అందామె.

గురువారం చర్చ పేరు బోర్డు మీద చూసి ఆమె మళ్లీ చదివింది. 'అబద్ధం ఎప్పుడాడినా తప్పేనా?' ఆయన కోసమే ఎవరో పెట్టినట్టుంది.

ప్రొడ్యూసరు బిస్కెట్ల పళ్లెం పట్టుకుని పోతుంటే ఆపి అడిగింది. "సార్, ఆరో లైను ఆయనకి ఇవాళ అవకాశం ఇవ్వండి సార్. రెండు వారాలుగా ఉంటున్నాడు."

"ఏ పక్క?"

"ఏ పక్కా కాదు సార్. అడగాలని."

"అడిగేవాళ్లు ఎందుకమ్మా మనకి? అడగడానికి యాంకరుంది, జీతమిచ్చి పెట్టుకున్నాం. అనేవాళ్లు కావాలి."

అతను వెళ్లిపోయాడు. ఆమె చాలాసేపు రెండు కట్టలూ చూస్తూ కూర్చుంది. తర్వాత ఎర్ర చీటీ తీసింది. ఇన్నాళ్లూ ఎవరి మాట వాళ్లు చెప్పిందే రాసింది. మొదటిసారి తన సొంతంగా రాసింది. 'భార్యకి నాలుగేళ్లుగా రోజూ అబద్ధం. సొంత అక్క చనిపోయిన సంగతి దాచాడు. తప్పు కాదంటాడు.' రాసి, చదువుకుని, బాగానే ఉందనుకుంది. సందులోంచి తోసింది.

ప్రొడ్యూసరు చీటీ చదివి అద్దం అవతలినుంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆమెకి అతను అలా చూపించడం అదే మొదటిసారి. చెవులు వేడెక్కాయి.

"బాబాయ్, ఇవాళ మీదే. సిద్ధంగా ఉండండి."

"నిజంగానా? అయ్యో, గొంతు ఎండిపోతోందే. ఏమని మొదలెట్టనమ్మా?"

"నాతో చెప్పినట్టే చెప్పండి."

అప్పుడే ఒళ్లో పెట్టుకున్న సెల్లు వణికింది. కుట్టు పిన్ని. పని వేళల్లో పిన్ని ఎప్పుడూ చెయ్యదు. ఆమె ఒక పక్క హెడ్‌ఫోను తప్పించి సెల్లు చెవికి ఆనించుకుంది.

"కంగారుపడకే. ఒళ్లు కాస్త వెచ్చగా ఉందంతే. కానీ పొద్దుట్నుంచీ పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదు. అమ్మా అని కూడా అనలేదు. అలా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నీకు చెప్పాలా వద్దా అని..."

అద్దం అవతల ప్రొడ్యూసరు ఒక చేతి వేళ్లు ఐదూ, రెండో చేతి వేలు ఒకటీ చూపించి గాల్లో కొడుతున్నాడు. ఆరు ఇవ్వు. ఆరు ఇవ్వు. పిన్ని గొంతు చెవిలో ఉండగానే ఆమె వేలు వెళ్లి ఆరో మీట నొక్కింది.

"నమస్కారమండీ, చెప్పండి," అంది యాంకరు.

"నమస్కారం... నేను... ఒక చిన్న సందేహం..."

"సందేహం కాదండీ, మీరు చేసిన పని చెప్పండి. మీ భార్యకి నాలుగేళ్లుగా అబద్ధం చెప్తున్నారు. అవునా?"

"అంటే అబద్ధమని కాదు, ఆవిడ ఆరోగ్యం..."

"సొంత అక్క చనిపోయిందన్న నిజం ఆవిడ దగ్గర దాచారు. అవునా, కాదా?"

అవి తన చీటీలో మాటలే అని ఆమెకి తెలుస్తూనే ఉంది. బల్లకి ఇటు పక్క పెద్దాయన, చచ్చినవాళ్ల కోసం ఏడ్చే హక్కు కూడా తీసేశావా నాయనా, అన్నాడు. అటు పక్క పెద్దాయన, ఆ మాట చెప్పడానికి మీరెవరు, మీ గ్రంథంలో ఏముందో చదవనా, అని లేచాడు. లాయరు, రోగికి నిజం తెలుసుకునే హక్కుంది, ఇది మోసమే, అని బల్ల గుద్దాడు. ఆయనతో మాట్లాడేవాళ్లెవరూ లేరు. ముగ్గురూ ముగ్గురితోనే మాట్లాడుకుంటున్నారు.

ఆ గోలలో, ఆరో లైను అడుగునుంచి, గడియారాల చప్పుడు వెనకనుంచి, సన్నగా యాంకరు గొంతు మళ్లీ వినపడింది. నాలుగు క్షణాల కిందటి గొంతు. 'సొంత అక్క చనిపోయిందన్న నిజం...'

లోపలి గదిలో టీవీ మోగుతోంది.

ఆమె చేతిలో సెల్లు జారి కిందపడింది. లైను తెంచేయొచ్చు. ప్రసారం మధ్యలో తెంచితే ఉద్యోగం ఉండదు. వేలు మీట దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. ఎంతసేపు ఆగిందో ఆమెకి తర్వాత ఎప్పుడూ లెక్క తేలలేదు. ఈలోగా ఆయనే, "ఒక్క నిమిషం... ఒక్క నిమిషమండీ..." అన్నాడు. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, కుర్చీ ఈడ్చిన చప్పుడు. దూరంగా ఒక ఆడమనిషి గొంతు.

"ఏవండీ, ఎవరో పోయారంటున్నారు. ఎవరండీ?"

లైను తెగిపోయింది.

"లైను కట్టయినట్టుంది. చిన్న విరామం తర్వాత కలుద్దాం," అంది యాంకరు. ఇటు పక్క పెద్దాయన బిస్కెట్లో ఉప్పు ఎక్కువైందన్నాడు. ప్రొడ్యూసరు ఆమె గదిలోకి తల పెట్టి, "ఇదీ! రోజుకొకటి ఇలాంటిది పట్టు చాలు," అన్నాడు.

సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్ల అమ్మా అని రెండు చేతులూ చాపింది. జ్వరం కూడా లేదు, పన్ను వస్తోందంతే. ఆమె పిల్లని ఎత్తుకుని గోడకి ఆనుకుని ఏడ్చింది. "ఇప్పుడేమైందే? పిలిచింది కదా!" అంది పిన్ని, ఏం అర్థంకాక.

శుక్రవారం ఆరో దీపం వెలగలేదు. ఆమె ఐదు లైన్లూ ఎత్తుతూ ఆ చిన్న గాజు ముక్కనే చూసింది. పదిన్నర అయింది. ఏ గడియారమూ కొట్టలేదు.

బయటికి ఫోన్ చేయకూడదన్నది రూలు. ఫోన్ చేసినవాళ్ల నంబర్లు రాసుకునే పుస్తకంలో ఆయనది ఉంది. ప్రసారం అయ్యాక తలుపు వేసుకుని చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. పక్కన కేబుళ్లు చుట్టుకుంటున్న సౌండతను, అందరూ తీగలన్న అంటారు, తలుపు తోసి చూశాడు. అతనికి అంతా చెప్పేసింది. చీటీ సంగతి, టీవీ సంగతి.

"ఎక్కువ ఆలోచించకు చెల్లెమ్మా," అన్నాడతను. "ఆవిడకి మతిమరుపన్నావు కదా. ఈపాటికి మర్చిపోయే ఉంటుంది."

"మూడు రోజులు మంచినీళ్లు ముట్టలేదట అన్నా, అప్పుడు."

అతను కేబుల్ చుట్ట భుజాన వేసుకుని, "నేనూ విన్నాలే ఆ ఎకో," అన్నాడు. "వినపడగానే నాకు వచ్చిన ఆలోచనేంటో తెలుసా? ఫిల్టరు పెట్టి తీసేద్దామని. మనమింతే."

శని, ఆదివారాలు ఆమె లెక్క ఒకటే. ఒక రోజు. రెండు రోజులు. మూడు రోజులు. పిల్లకి నీళ్లు తాగించిన ప్రతిసారీ, ఎక్కడో ఒక ఇంట్లో నిండా ఉన్న గ్లాసు అలాగే ఉండిపోయినట్టు కనపడేది.

సోమవారం పదికి ఐదు నిమిషాలుందనగా, పెద్దమనుషులు బల్ల దగ్గర కూర్చుని గడ్డాలూ కాలర్లూ సర్దుకుంటుండగా, ఆమె మళ్లీ నంబరు నొక్కింది. ఎనిమిదో మోతకి ఎత్తారు.

"ఎవరూ?"

ఆడగొంతు. హాయిగా, తేటగా ఉంది.

"నేను... టీవీ ఆఫీసు నుంచండీ. బాబాయిగారున్నారా?"

"టీవీ ఆఫీసా! భలే సమయానికి చేశావమ్మా. మా టీవీ పలకట్లేదు. ఈయనే తీగ పీకేశారు, నేను చూశాను. నేను పెడదామంటే ఎక్కడ పెట్టాలో తెలీదు."

"మీరు... మీరు బాగున్నారా అమ్మా? ఏమన్నా తింటున్నారా?"

"నాకేం, రాయిలా ఉన్నాను. ఎవరో పోయారమ్మా, మొన్నో ఎప్పుడో. ఎవరి అక్కో. టీవీలో చెప్పారు. పాపం ఆ చెల్లెలికి ఎవరూ చెప్పలేదట. నాకు భలే జాలేసింది. మా అక్క వచ్చాక చెప్పాలి." గొంతు కాస్త తగ్గింది. "ఈయనకే బాలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. లేవట్లేదు. నేను పెట్టిందీ అలాగే ఉంది. అక్క ఎప్పుడొస్తుందండీ అంటే పలకట్లేదు. ఇదివరకు టక్కున చెప్పేవారు. ఏదో చెప్పేవారు, నాకది గుర్తు రావట్లేదు. పిలిచి పిలిచి నేనూ పిలవడం మానేశాను."

అప్పుడు గమనించింది ఆమె. ఆవిడ గొంతు వెనక ఏ చప్పుడూ లేదు. ఒక్క గడియారం కూడా తిరగట్లేదు.

"నీకేమన్నా తెలుసా తల్లీ, మా అక్క ఎప్పుడొస్తుందో?"

అద్దం అవతల ముగ్గురు పెద్దమనుషుల మీదా లైట్లు వెలిగాయి. ఆమె రిసీవరుని రెండు చేతులా పట్టుకుంది.

"సాయంత్రం వస్తుందమ్మా."

"ఆఁ! అదే! అదే అనేవారు!" ఆవిడ నవ్వింది. ఆ నవ్వు విని, ఆయన ఎందుకు నాలుగేళ్లు చెప్పాడో ఆమెకి తెలిసింది.

"అమ్మా, ఈ మాట మీరే వెళ్లి ఆయనకి చెప్పండి. ముందు కాసిని మంచినీళ్లు పట్టండి. మీ ఇల్లెక్కడమ్మా? నేనొస్తాను."

"ఇల్లా? ఇక్కడేగా!"

"ఇక్కడంటే? కిటికీలోంచి ఏం కనపడుతుంది?"

"నీళ్ల ట్యాంకు. నీలం రంగుది. కింద ఎవడో రోజంతా ఇనుము కొడుతుంటాడు. మెట్లమ్మా, బోలెడు మెట్లు. ఉండు, ఆయనకి నీళ్లు..."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడయింది. అడుగులు దూరమయ్యాయి. ప్రసారం మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగింది, ప్రొడ్యూసరు అద్దం మీద కొట్టాడు, ఐదు లైన్లూ ఒక్కసారిగా మోగడం మొదలెట్టాయి. ఆమె ఆరో లైను తెరిచే ఉంచింది. గంట గడిచినా ఎవరూ తిరిగి రాలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ నంబరు ఖాళీగా లేదనే వస్తోంది. రిసీవరు బల్ల మీదే ఉండిపోయి ఉంటుంది. పెట్టాలని ఆవిడకి గుర్తుండదు.

టెలిఫోను ఆఫీసులో చిరునామా ఇవ్వడం కుదరదన్నారు. పోలీసు స్టేషన్లో, వాళ్లకి నువ్వేమవుతావు, అని అడిగారు. రెండు సాయంత్రాలుగా పిల్లని చంకనేసుకుని, తలెత్తి మేడలూ ట్యాంకులూ చూసుకుంటూ తిరుగుతోంది. ఊరు నిండా నీలం ట్యాంకులే.

ఇది చదువుతున్న మీ వీధిలో ఇనుము కొట్టే చప్పుడుంటే, దాని పైన బోలెడు మెట్లుంటే, ఆ మెట్ల చివర ఇంట్లో గడియారాలన్నీ ఆగిపోయి ఉంటే, ఒక్కసారి ఎక్కి చూడండి. తలుపు ఆవిడే తీస్తుంది. అక్క సంగతి అడిగితే ఏం చెప్పాలో మీకు తెలుసు. ఆవిణ్ణి దాటి లోపలికి వెళ్లండి. గోడ వైపు తిరిగి పడుకున్న ఆయన్ని, ఏమన్నా తిన్నారా బాబాయ్, అని అడగండి. పలికేదాకా అడగండి.